కాపలా లేని పరీక్ష

కుటుంబ ప్రార్థన సాగుతుండగా కుక్కరు కూత వేస్తే, లేచి వెళ్ళి పొయ్యి ఆర్పవలసిన బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు ఇన్ని శతాబ్దాల వేదాంతశాస్త్రంలో ఎక్కడా సమాధానం లేదు. త్రిత్వ రహస్యం మీద సంపుటాలకు సంపుటాలు రచించిన మహనీయులు ఈ ఒక్క విషయంలో మౌనం పాటించారు. వంటింటికి ఆనుకొని ఉన్న గదిలో, కుర్చీ మీద మోచేతులు ఆనించి, ఆడపడుచు ప్రార్థన ఎప్పుడు ముగుస్తుందా అని ఎదురుచూడవలసిన అవసరం వారిలో ఎవరికీ కలిగి ఉండదు.

హెడ్మాస్టరుగారి ఇంట్లో ఆ ఉదయం కుక్కరు మళ్ళీ కూసింది. లోపలి బంగాళదుంపలు ఉడకడం ఎప్పుడో పూర్తిచేసుకొని, ప్రాయశ్చిత్త దశలో ప్రవేశించాయి.

మోకరించిన అయిదుగురిలో ఒక్కరూ కదలలేదు.

"ప్రభువా," అన్నారు అక్కగారు, కుక్కరు కంటే ఒక మెట్టు పైస్థాయిలో. ఆవిడ హెడ్మాస్టరుగారికి పెద్దక్క. బైబిలు టీచరుగా రిటైరై తమ్ముడి ఇంట్లో ఉంటున్నారు. రిటైరైంది ఉద్యోగం నుంచే గాని బోధన నుంచి కాదు. "ఈ ఇంట్లోకి కొత్తగా వచ్చినవాళ్ళకి వినయం దయచెయ్యి. ఎనిమిదో తరగతి పిల్లలు ఏం చేశారో నీకు తెలుసు. వాళ్ళని అలా తయారుచేసిందెవరో కూడా నీకు తెలుసు. నేను పేరు చెప్పను. చెప్పడం నా అలవాటు కాదు."

ఎనిమిదో తరగతి టీచరు ఆ గదిలోనే, ఆవిడకు ఎడమపక్క కుర్చీకి మొహం ఆనించి ఉంది. హెడ్మాస్టరుగారి కోడలు. ఈ సంవత్సరమే ఆ ఇంట్లోనూ, ఆ బడిలోనూ ఏకకాలంలో అడుగుపెట్టిన పిల్ల.

ఇంట్లో ఎవరూ ఎవరిమీదా గొంతెత్తకూడదన్నది హెడ్మాస్టరుగారు పెళ్ళైన కొత్తలో జారీచేసిన శాసనం. అది నేటివరకూ చెక్కుచెదరలేదు. అందువల్ల ఆ ఇంటి తగాదాలకు నేలమీద కాలు మోపే వీలులేక, అవి ముందు పరలోకానికి వెళ్ళి, అక్కడినుంచి తిరుగుటపాలో సంబంధిత వ్యక్తికి చేరేవి. ప్రార్థనలో ఉన్న సౌకర్యం పోట్లాటలో లేదు. మధ్యలో ఎవరూ అడ్డుతగలరు. ఎదుటివాళ్ళ మొహం చూడనక్కర్లేదు. పైగా చివర, తిట్లు తిన్నవాళ్ళు కూడా "ఆమెన్" అనక తప్పదు.

వంతు కోడలికి వచ్చింది.

"ప్రభువా, ఇప్పుడు లేచి కుక్కరు దింపితే ప్రార్థన మధ్యలో లేచిందంటారు. లేవకపోతే అడుగంటించిందంటారు. నన్నేం చెయ్యమంటావో నువ్వే చెప్పు. అలాగే నా పిల్లలు ఏం రాశారో నాకెవరూ చెప్పట్లేదు. కనీసం నీకైనా చెప్పారేమో కనుక్కోవాలని ఉంది."

కొడుకు దగ్గాడు. అతనికి వీధి చివర కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఊరందరి చూపూ సరిచేసే అతను, ఇంట్లో మాత్రం ఏదీ చూడనట్టు బతకడంలో నిపుణత సాధించాడు. ప్రార్థనలో అతని వంతు ఎప్పుడూ ఆ దగ్గే.

తరువాత హెడ్మాస్టరుగారు గంభీరమైన కంఠంతో, సత్యం రేపటి అసెంబ్లీ లోగా వెలుగులోకి వచ్చేట్టు కృప చూపమని ప్రార్థించారు. ఆ విజ్ఞాపన మధ్యలో ఆయన ఎన్నడూ చేయని పని ఒకటి చేశారు. కుడికన్ను రవ్వంత తెరిచారు. అనుమానం పెనుభూతమని పెద్దలు అన్నది ఊరికే కాదు. అది మొదట పట్టేది కనురెప్పనే.

తెరిచిన కంటికి భార్య కనిపించింది. ఆమె రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయి. ఆయన్నే చూస్తున్నాయి.

ఆయన కన్ను మూసుకున్నారు. చూసినదాన్ని గురించి ప్రశ్నించే అధికారం ఆయనకు లేదు. ప్రార్థనలో కళ్ళు తెరిచినవాళ్ళని పట్టుకున్నానని చెప్పుకోవాలంటే ముందు తానెలా పట్టుకున్నారో చెప్పుకోవాలి.

చివరి వంతు ఆమెది. పాలవాడి మోకాలి నొప్పి మొదలుకొని ప్రపంచ శాంతి దాకా దేన్నీ వదలకుండా ప్రార్థించే మనిషి, ఈ పరీక్ష గొడవ మొదలైనప్పటినుంచి ఒక్క మాటే అంటోంది.

"ఆమెన్," అందామె. లేచి వెళ్ళి పొయ్యి ఆర్పింది.

*

ఆ బడికి ఉన్న ఒకే ఒక్క కీర్తి కాపలా లేని పరీక్ష. భవనం పాతది, ఆటస్థలం ఇరుకు, గంట పగిలింది. కాని బైబిలు పరీక్ష రోజున ప్రతి తరగతిలోనూ టీచరు ప్రశ్నలు బల్ల మీద పెట్టి, చిన్న ప్రార్థన చేసి, బయటికి వచ్చి తలుపు మూసేస్తారు. పిల్లలు తమంతట తామే రాసి, కట్టగట్టి ఇస్తారు. ఈ పద్ధతిని ప్రవేశపెట్టింది హెడ్మాస్టరుగారు. "తలుపు మూసి వెళ్ళే ధైర్యం లేనివాడు కాపలాదారు కాగలడు, ఉపాధ్యాయుడు కాలేడు" అని ఆయన ఎన్నో సభల్లో చెప్పారు. ఆ కట్టలు దిద్దే హక్కు ఆయన ఒక్కరిదే. పిల్లలు ఆయనకు ధర్మకాటా అని పేరు పెట్టుకున్నది అందుకే. లారీ ఎక్కినా గడ్డిపరక ఎక్కినా ఆయన ముల్లు ఒకేలా వణుకుతుందట.

ఈ సంవత్సరం ఎనిమిదో తరగతి కట్ట విప్పినప్పుడు ఆ ముల్లు విరిగినంత పనైంది.

ప్రశ్న చాలా సులువైనది. మరియ యోసేపులకు సత్రంలో చోటు ఎందుకు దొరకలేదు? జనాభా లెక్కల కోసం అందరూ సొంతఊళ్ళకు చేరడంతో సత్రం నిండిపోయిందని రాస్తే మార్కులు. తరగతిలో ఒక్కరూ అలా రాయలేదు. అందరూ ఒకటే రాశారు. "సత్రం యజమానికి పంటి నొప్పి. అందువల్ల ఆయన మాట్లాడలేక చేత్తో పొమ్మన్నాడు."

కొందరు ఇంకో వాక్యం చేర్చారు. "ఆయన చెడ్డవాడు కాదు. నొప్పి తగ్గాక పిలిచేవాడే."

క్రైస్తవ సంఘచరిత్రలో మహామహా సభలు కూడా ఏ విషయం మీదా ఇంతటి ఏకాభిప్రాయానికి రాలేదు. పండితులు కుర్చీలు విసురుకున్నచోట, చెడ్డీలూ గౌన్లూ వేసుకున్న ఒక తరగతి చిగుళ్ళ మీద ఏకమైంది. హెడ్మాస్టరుగారు బీరువాలోని వ్యాఖ్యాన గ్రంథాలన్నీ దింపించి చూశారు. సత్రాన్ని గురించీ, పశువుల తొట్టిని గురించీ పేజీలు నింపిన వ్యాఖ్యాతల్లో ఒక్కరూ పళ్ళ జోలికి పోలేదు.

అయితే ఇది చూసి రాసిన రాత కావాలి. లేదా ఎవరో పనిగట్టుకొని నేర్పిన వెక్కిరింత కావాలి. మూడో దారి లేదు.

బడి కరస్పాండెంటుగారికి మాత్రం మొదటి దారి చాలు. ఆయన కలప అడితి యజమాని. దుంగకు కూడా గొలుసు వేసి తాళం పెట్టే మనిషి. ఈ పరీక్ష పద్ధతి ఆయనకు మొదటినుంచీ గిట్టదు. విషయం చెవిన పడగానే తీర్పు పంపించారు. రేపు అసెంబ్లీలో హెడ్మాస్టరుగారు తమ నోటితోనే పిల్లల కాపీ సంగతి ప్రకటించాలి. కాపలా లేని పరీక్ష రద్దు కావాలి. ఎనిమిదో తరగతి టీచరు మారాలి.

ఆ జవాబు ఏమిటో మాత్రం హెడ్మాస్టరుగారు ఎవరికీ చెప్పలేదు. విచారణ ముగిసేదాకా సాక్ష్యం బయటపడకూడదన్నది, అంతవరకు పిల్లల్ని ఎవరూ అడగకూడదన్నది ఆయన నియమం. "అందరూ ఒకే తప్పు రాశారు" అన్నంతవరకే లోకానికి తెలుసు.

*

"ఏం రాశారో చెప్పండి మామయ్యగారూ," అంది కోడలు, మాడువాసన వేస్తున్న బంగాళదుంపలు వడ్డిస్తూ. "చెబితే ఎక్కడ నేర్చుకున్నారో నేను కనుక్కుంటా."

"నువ్వు కనుక్కోకూడదమ్మా. నువ్వు ఆ తరగతి టీచరువి."

"టీచరు కాకపోతే ఎవరు కనుక్కుంటారు? కలప అడితివాళ్ళా?"

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం మా రోజుల్లో ఉండేది కాదు," అన్నారు అక్కగారు, దుంపలో మాడిన ముక్కను వేలితో పక్కకు నెట్టి.

"నేను భుజాలు తడుముకోవట్లేదండీ పెద్దత్తయ్యా. అసలు గుమ్మడికాయ ఏ రంగులో ఉందో అడుగుతున్నా."

కొడుకు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. అది శుభ్రంగానే ఉంది.

"ఒక్క సంగతి అడుగుతాను," అన్నారు హెడ్మాస్టరుగారు. "పరీక్ష జరుగుతుంటే నువ్వెక్కడున్నావు?"

"స్టాఫ్ రూములో. టీ తాగుతున్నా."

"స్టాఫ్ రూములో." ఆయన ఆ మాటను కాటా మీద పెట్టి చూశారు. "వరండాలో కూడా లేవు."

"వరండాలో ఎందుకుంటానండీ? తలుపు మూసి వెళ్ళిపోవాలన్నారు. వెళ్ళిపోయా."

"వెళ్ళిపోవడమంటే..."

"మిమ్మల్ని ఒక మాటంటే ఏమీ అనుకోరుగా? మీరు పరీక్ష పెట్టినప్పుడు గదిలోంచి వెళ్ళేవారట. వరండాలోంచి వెళ్ళేవారు కాదట. మీ చెప్పులు కిర్రుమనడం మూడో వరస దాకా వినిపించేదట. పాత టీచర్లు చెప్పారు."

చెంచాలు ఆగిపోయాయి. అంతటి సుదీర్ఘ కీర్తికి మూలస్తంభం చెప్పుల కిర్రు అన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ ఇంతవరకు వచ్చి ఉండదు. వచ్చినా దాన్ని ఫలహారం బల్ల మీద పెట్టి ఉండరు.

హెడ్మాస్టరుగారు భార్యవైపు చూశారు. ఆమె గ్లాసులో నీళ్ళు పోస్తోంది. నవ్వు దాచుకుంటోందేమోనని ఆయనకు తోచింది. నవ్వయితే ఎందుకు, దాపరికమైతే దేన్ని. కొద్దిరోజులుగా వంటింట్లో అత్తాకోడళ్ళ మాటలు ఆయన అడుగు వినిపించగానే ఆగిపోతున్నాయి. నిన్న ఆగిన మాట "పాపం" అన్నదగ్గర ఆగింది. ఎవరు పాపం? పిల్లలా? కోడలా? తానా?

"రేపు మీరు అసెంబ్లీలో నిలబడి నా పిల్లల్ని దొంగలంటే," అంది కోడలు, ఇప్పుడు గొంతు తగ్గించి, "నేను ఆ బళ్ళో ఉండనండీ. వాళ్ళ మొహం చూసి పాఠం చెప్పలేను. మిగతా సంగతి మీ అబ్బాయి చెప్పాలి."

అందరూ అబ్బాయివైపు చూశారు.

అబ్బాయి కళ్ళజోడును వెలుతురుకు ఎత్తి పట్టుకొని చూశాడు. "మరక పోవట్లేదు," అన్నాడు.

*

హెడ్మాస్టరుగారి గదిలో మేజా మీద, ఉపాధ్యాయుల మహాసభ కోసం రాస్తున్న ప్రసంగం ఉంది. 'విశ్వాసమే గురువు' అని దాని పేరు. ఆయన తాను రాసిన వాక్యాలను మళ్ళీ చదువుకున్నారు. 'ఉపాధ్యాయుడు గదిలో లేనప్పుడు విద్యార్థి ఏమి చేయునో అదియే ఆ ఉపాధ్యాయుడు నేర్పిన విద్య.'

పోయిన నెలలో ఈ వాక్యం ఆయనకు ఎంతో బాగుంది. ఇప్పుడు అది ఎదురు తిరిగి వేలు చూపిస్తున్నట్టు ఉంది.

విశ్వాసం గురించి ఆయనకు తెలియనిది లేదు. అది కనిపించనిదాన్ని నమ్మడం. దేవుణ్ణి నమ్మడం ఆయనకెప్పుడూ కష్టం కాలేదు, ఎందుకంటే దేవుడు పరీక్ష రాయడు. కష్టమంతా పిల్లలతోనే. ఒక మనిషి ముప్పాతిక జీవితం పిల్లలను నమ్మానని చెప్పుకొని తిరిగాడు. ఆ నమ్మకం మూసిన తలుపుదా, వరండాలోని చెప్పులదా? ఈ ప్రశ్న ఆయన ఎదుట అప్పటికప్పుడు పుట్టింది కాదు. పొద్దున కోడలు అన్నప్పుడు, అది చాలాకాలంగా తమ ఇంట్లోనే ఉంటున్న చుట్టంలా ఆయనకు అనిపించింది.

ఆయన దాన్ని కూర్చోమనలేదు. లేచి ఎనిమిదో తరగతికి వెళ్ళారు.

కోడలు పాఠం ఆపి, చేతిలోని సుద్ద బల్ల మీద పెట్టి, ఆయన చెప్పకముందే బయటికి నడిచింది. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, "నేను స్టాఫ్ రూములో ఉంటా సార్," అంది. బడిలో ఆమె ఆయన్ని సార్ అనే పిలుస్తుంది. ఆ పిలుపులో ఎప్పుడూ ఏమీ ఉండదు. ఆ రోజు ఏదో ఉన్నట్టుంది.

పిల్లలు లేచి నిలబడ్డారు. ఆయన కూర్చోమనలేదు.

"సత్రం ప్రశ్నకి మీరందరూ ఒకటే రాశారు. నేను కోప్పడను. ఆ జవాబు మీకెవరు చెప్పారు?"

మొదటి వరస రెండో వరసవైపు చూసింది. రెండో వరస కిటికీవైపు చూసింది. దోషుల మొహాలు ఎలా ఉంటాయో ఆయనకు అనుభవం ఉంది. ఇవి అలా లేవు. వీళ్ళకు ప్రశ్నే అర్థం కానట్టుంది. అది మరీ అనుమానించవలసిన విషయం.

"చెప్పండి. ఎవరు నేర్పారు?"

తరగతి లీడరు, రెండు జడల పిల్ల, నెమ్మదిగా చెయ్యెత్తింది.

"మీరే సార్."

ఎక్కడో ఒక బెంచీ కిర్రుమంది.

"నేనా?"

"అవును సార్. అందరం ఉన్నాం సార్."

పిల్ల కళ్ళలో రవ్వంత కూడా కొంటెతనం లేదు. పక్కనున్నవాళ్ళంతా బుద్ధిగా తలలూపారు. హెడ్మాస్టరుగారు ఈ తరగతికి ఆ పాఠం ఏనాడూ చెప్పలేదు. ఆయనకు ఆ సంగతి తన పేరంత బాగా తెలుసు. అంటే వీళ్ళ చేత ఈ మాట అనిపించినవాళ్ళు ఎవరో ఉన్నారు. ఎవరు అడిగినా పెద్దాయన పేరు చెప్పండి, నోరు మూతపడుతుంది, అని.

ఇంకొక్క ప్రశ్న అడిగితే సరిపోయేది. ఏనాడు, ఎక్కడ అని. నిజం నాలుగు మాటల దూరంలో నిలబడి ఉంది. కాని అనుమానించేవాడికి జవాబు ముందే తెలుసు. అందుకే అతను రెండో ప్రశ్న అడగడు.

"కూర్చోండి," అని ఆయన బయటికి వచ్చేశారు. స్టాఫ్ రూము ముందునుంచి వెళుతూ లోపలికి చూశారు. కోడలు టీ తాగుతోంది.

*

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు కరస్పాండెంటుగారు ఇంటికి వచ్చారు. ఆయన కూర్చున్న కుర్చీని ఒకసారి అటూ ఇటూ కదిపి, ఏ కలపో గ్రహించి, పెదవి విరిచి, విషయంలోకి దిగారు.

"రేపటి మాట ఖాయమేగా?"

"ఖాయమేనండి," అన్నారు హెడ్మాస్టరుగారు.

"చూడండి, మీ కోడలు కదా అని నేను వెనక్కి తగ్గను. మీరూ తగ్గరని తెలుసు. పిల్లలు మంచివాళ్ళేనండీ. దుంగలూ మంచివే. గొలుసు లేకపోతే పొద్దున్నకి ఉండవంతే."

లోపలి గదిలో బీరువా తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది. కోడలు బట్టలు సర్దుకుంటోందని అందరికీ తెలుసు. సర్దుకుంటున్నది ఎక్కడికి వెళ్ళడానికో, ఎంతకాలానికో ఎవరూ అడగలేదు. కొడుకు దుకాణం మూసి అప్పుడే వచ్చి, లోపలికి వెళ్ళాలా ఇక్కడే ఉండాలా తేల్చుకోలేక, రెండు గదుల నడుమ గడప మీద నిలబడిపోయాడు.

"ఇంతకీ ఏం రాశారు వాళ్ళు?" అన్నారు కరస్పాండెంటుగారు. "రేపు నేనూ వేదిక మీద ఉంటా. తెలియాలిగా."

హెడ్మాస్టరుగారు తలుపువైపు చూశారు, గొంతు తగ్గించారు. బడి పెట్టినప్పటినుంచి ఏ కుట్ర వివరాలూ ఇంత రహస్యంగా వెల్లడై ఉండవు.

"సత్రంలో చోటు ఎందుకు దొరకలేదన్నదానికి... సత్రం యజమానికి పంటి నొప్పి అని."

"పంటి నొప్పా?"

"మాట్లాడలేక చేత్తో పొమ్మన్నాడని. చెడ్డవాడు కాదని. నొప్పి తగ్గాక పిలిచేవాడని."

"ఇది కాపీ కాదండీ," అన్నారు కరస్పాండెంటుగారు, కుర్చీలో వెనక్కి వాలి. "కాపీ అయితే పోనీ అనుకోవచ్చు. ఇది వెక్కిరింత. దీని వెనక పెద్ద బుర్ర ఉంది."

"నేనూ అదే అనుకుంటున్నాను. పొద్దున అడిగితే, చెప్పింది నేనేనన్నారు."

"మీరా? చూశారా మరి. ఎంత దూరం వెళ్ళిందో."

టీ కప్పులతో వచ్చిన హెడ్మాస్టరుగారి భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో ఎవరూ గమనించలేదు. ఆమె ట్రేను జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గోడవైపు తిరిగి కొంచెంసేపు అలాగే ఉంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందని కరస్పాండెంటుగారు అనుకొని, మర్యాదగా కప్పులోకి చూశారు. హెడ్మాస్టరుగారు మాత్రం ఏమీ అనుకోలేకపోయారు. ఆయన అనుమానాలన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయిగాని, ఎటు నడవాలో వాటికి తెలియలేదు.

"ఏమండీ," అంది ఆమె, ఇటు తిరిగి. "ప్రార్థన చేసుకుందాం."

"ఇంకా వేళ కాలేదుగా."

"వేళైంది."

ఆమె లోపలికి చూసి, "అమ్మాయ్, ఒక్కసారి ఇలా రామ్మా. ఆ బట్టలు పారిపోవు. వదినగారూ, మీరూ రండి," అని పిలిచింది. ఆ ఇంట్లో ప్రార్థనకు పిలిస్తే రానని అనే వీలు ఎవరికీ లేదు. అతిథికి అసలే లేదు. కరస్పాండెంటుగారు రెండు చేతులతో కుర్చీ పట్టుకొని, మోకాళ్ళు పటపటమంటుండగా నేలకు దిగారు. కొడుకు గడప దిగాడు. కోడలు కళ్ళు తుడుచుకొని వచ్చి అత్తగారి పక్కన మోకరించింది.

"ఇవాళ మొదలు నాది," అంది హెడ్మాస్టరుగారి భార్య.

అక్కగారు తలెత్తి చూశారు. మొదటి వంతు ఎప్పుడూ ఆవిడదే.

"ప్రభువా," అందామె. ఇన్నాళ్ళకు వినిపించిన ఆ గొంతు మామూలుగానే ఉంది, పాలవాడి మోకాలి సంగతి చెబుతున్నట్టు. "నీ దాసుడు మంచివాడు. ఎవరి పిల్లల్నీ ఇంతవరకూ ఒక దెబ్బ కొట్టలేదు. రేపు వాళ్ళని కొట్టకుండానే కొట్టబోతున్నాడు. ఆ జవాబేంటో నాకు ముందే చెప్పుంటే ఇంతదాకా వచ్చేది కాదు. నాకు చెప్పలేదు. కలప అడితివాళ్ళకి చెప్పాడు. సర్లే, అది తర్వాత మాట్లాడుకుంటాం."

కరస్పాండెంటుగారు దగ్గారు.

"పోయిన ఏడాది బడి వార్షికోత్సవానికి నీ జన్మ నాటిక వేశారు. నీకు గుర్తుండే ఉంటుంది. సత్రం యజమాని వేషం డ్రిల్లు మాస్టారిది. ఆయనకి జ్వరం వచ్చి, వేషం ఈయన మీద పడింది. 'ఊరంతా జనం, సత్రం నిండిపోయింది, చోటు లేదు' అని చెప్పాలి. అంతే. అదొక్కటే ఈయన చెప్పాల్సింది."

హెడ్మాస్టరుగారు కళ్ళు తెరిచారు. ఆ నాటిక ఆయనకు బాగా గుర్తుంది. తెర పడ్డాక మోగిన చప్పట్లు గుర్తున్నాయి. ఒక్క మాట పలక్కుండా సత్రం యజమాని అంతర్వేదననంతా మొహంలో చూపించారని, ఇదే కరస్పాండెంటుగారు చెయ్యి పట్టుకొని ఊపడం గుర్తుంది. నటనలో మౌనానికి ఉన్న స్థానం గురించి తాను ఆ మరుసటి వారం ఒక వ్యాసం మొదలుపెట్టడం కూడా గుర్తుంది. చప్పట్లకు ముందేం జరిగిందో మాత్రం, ఎంత వెతికినా, పొగలోంచి వచ్చినట్టు మెల్లగా వస్తోంది.

"ఆ మధ్యాహ్నం నుంచీ దవడ ఇంతెత్తు వాచింది," అంది ఆమె దేవుడితో. "వద్దంటే వినలేదు. లవంగ నూనెలో దూది ముంచి పంటి కింద పెట్టింది నేనే. నోరు తెరిస్తే దూది జారిపోతుంది. అందుకని వేదిక మీద ఒక చేత్తో దవడ పట్టుకుని, మూలుగుతూ, ఇంకో చేత్తో మరియనీ యోసేపునీ పొమ్మన్నాడు. పిల్లలు కిందే, ముందు వరసలో కూర్చున్నారు. అప్పుడు వాళ్ళు ఏడో తరగతి. వాళ్ళు అబద్ధం రాయలేదు ప్రభువా. చూసింది రాశారు. పైగా ఈయన చెడ్డవాడు కాదని కూడా రాశారట. అది ఎవరు నేర్పారో నేను చెప్పలేను."

కోడలి భుజాలు కదలడం మొదలుపెట్టాయి. కొడుకు కళ్ళజోడు తీశాడు, తుడవలేదు.

"రేపు అసెంబ్లీలో ఏం చెప్పాలో ఈయనకి నువ్వే చెప్పు. ఆ పరీక్ష ఉంచాలో, తీసెయ్యాలో, ఈ పిల్ల బట్టలు సర్దుకోవాలో వద్దో. నేను చెబితే వినడు. ఆమెన్."

గదిలో ఎవరూ ఆమెన్ అనలేదు. అనవలసిన మనిషి హెడ్మాస్టరుగారు. ఆయన నోరు తెరిచారు. అసంకల్పితంగా కుడిచెయ్యి దవడ దగ్గరికి వెళ్ళింది.

అప్పుడు, కళ్ళు గట్టిగా మూసుకొని, ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో అక్కగారు అందుకున్నారు.

"దవడకి కట్టింది నా ఉన్ని మఫ్లరు, ప్రభువా. ఇంకా తిరిగివ్వలేదు."